ఆయన సాక్ష్యం, నా తెలుగు

మా చర్చిలో నేను పాస్టర్ని కాను, పాటలు పాడేవాణ్నీ కాను. ఇంగ్లీషులో మాట్లాడే అతిథి పక్కన నిలబడి, ఆయన ఒక మాట చెప్పి ఆగగానే దాన్ని తెలుగులో చెప్పేవాణ్ని. వారమంతా ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆదివారం మాత్రం నా తప్పులు పట్టేవాళ్లెవరూ ఉండేవారు కాదు. ఆ హాయి ఎంత చెడ్డదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

శాన్ రామన్ దగ్గర ఒక ప్రెస్బిటేరియన్ చర్చి వాళ్లు మధ్యాహ్నం రెండు దాటాక తమ హాలు మాకు ఇచ్చేవారు. పొద్దున అమెరికన్ల ఆరాధన, మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన. వాళ్ల కాఫీ వాసన పోకముందే మా బిరియానీ ట్రేలు దిగేవి. మాలో చాలామందిమి ఆ సంఘంలో సభ్యులుగా కూడా చేరాం, కాబట్టి అక్కడి విషయాల్లో మాకు ఓటు ఉండేది. నెలకో రెండు నెలలకో అమెరికన్ ప్రసంగీకుడు ఎవరైనా వచ్చేవారు. అప్పుడు నాకు పని పడేది.

నాకు మంచి గొంతుంది. ఈ మాట నేనే చెప్పుకోకూడదు గానీ, ఇప్పుడు ఇంకెవరూ చెప్పేట్టు లేరు. ప్రసంగీకుడు చప్పగా చెప్పినా నేను కాస్త ఉప్పూ కారం తగిలించేవాణ్ని. ఆయన 'అది నాకు కష్టకాలం' అంటే, నేను 'కన్నీళ్లతో దిండు తడవని రోజు లేదు' అనేవాణ్ని. ఆరాధన అయ్యాక పెద్దావిడలు నా చెయ్యి పట్టుకుని, దొరగారికంటే నువ్వే బాగా చెప్పావయ్యా అనేవారు. మహిమ దేవునికే అని పైకి అని, ఇంటికి చేరేదాకా ఆ మెప్పును నెమరేసుకునేవాణ్ని.

మా తెలుగు సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. ముందు నేనెంత చెడిపోయానో చెప్పాలి. తర్వాత ప్రభువు నన్ను ఎలా పట్టుకున్నాడో చెప్పాలి. ఆఖర్న అంతా బాగైపోయిందని చెప్పాలి. తాగుబోతు మళ్లీ చుక్క ముట్టడు, రోగికి రిపోర్టు నార్మల్ వస్తుంది, ఆగిపోయిన వీసాకి స్టాంపు పడుతుంది. ఇంకా బాగుకాలేదు, ఇంకా కష్టంగానే ఉంది అని చెప్పి కూర్చున్న మనిషిని నా చిన్నప్పటి నుంచి ఒక్కణ్ని కూడా చూడలేదు. ఆ వరస నా నాలుకకి అంటుకుపోయింది.

అప్పట్లో ఆ చర్చిలో పెద్ద గొడవ నడుస్తోంది. గే అయినవాళ్లని సంఘ పెద్దలుగా, పాస్టర్లుగా నియమించవచ్చనీ, వాళ్ల పెళ్లిళ్లు చర్చిలో చేయవచ్చనీ మా డినామినేషన్, అంటే దేశంలోని మా ప్రెస్బిటేరియన్ చర్చిలన్నిటి సమాఖ్య, తీర్మానించింది. కొందరు దాన్ని ఒప్పుకోలేదు. డినామినేషన్ నుంచి విడిపోదామని వాళ్లు, ఉందామని ఇంకొందరు. మా ఊళ్లల్లో చర్చి గొడవంటే తాళాలు పగలగొట్టుకోవడం, కోర్టుకెక్కడం. ఇక్కడ మాత్రం ఒక నిబంధనల పుస్తకం తెరిచి, ఫలానా పేజీ ఫలానా పేరా అని మర్యాదగా పోట్లాడుకుని, తర్వాత కలిసి కాఫీ తాగేవారు. ఆ మర్యాద కింద ఎంత నొప్పి ఉందో మధ్యాహ్నం వచ్చిపోయే మాకు కనబడేది కాదు. నిజం చెప్పాలంటే ఈ విషయం మీద నాకు ఒక అభిప్రాయమంటూ లేదు. మన ఇళ్లల్లో ఆ మాటే ఎత్తం కదా, ఇక అభిప్రాయం ఎక్కణ్నుంచి వస్తుంది?

విడిపోదామనే పెద్దలు ఒక ఆదివారం ఒకాయన్ని పిలిపించారు. ప్రెస్బిటేరియన్ల మధ్యే పనిచేసే ఒక పరిచర్య, అంటే సేవా సంస్థ, ఆయనది. మగవాళ్ల మీద మనసుపడే మగవాళ్లనూ, ఆడవాళ్ల మీద మనసుపడే ఆడవాళ్లనూ ప్రార్థనతో, కౌన్సెలింగుతో అందులోంచి బయటికి తెస్తామని చెప్పే పరిచర్య. ఆయనా ఒకప్పుడు అలాంటివాడే. యాభై దాటిన మనిషి, గళ్ల చొక్కా, మెత్తటి గొంతు. పొద్దున అమెరికన్ల ముందు మాట్లాడి, అదే ప్రసంగం మధ్యాహ్నం మా ముందు చెప్పడానికి ఒప్పుకున్నాడు. పక్కన నేను.

మూడో వరసలో మా అక్క కూర్చుంది. సొంత అక్క కాదు, చర్చిలో అలవాటైన వరస. గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక పిల్లల డేకేర్‌లో పనిచేసుకుంటూ ఒక్కగానొక్క కూతుర్ని చదివించుకుంది. సరుకులు కొనడానికీ, పిల్లలకి జ్వరమొస్తే వాళ్ల తల్లులకి ఫోన్ చేయడానికీ ఆమె ఇంగ్లీషు సరిపోయేది. ప్రసంగానికి సరిపోయేది కాదు. దానికి ఆమె నా మీదే ఆధారపడేది. కూతురు శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తూ తల్లి దగ్గరే ఉంటోంది. ఆ రోజు ఆ అమ్మాయి వెనక తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది.

ఆయన తన చిన్నతనం చెప్పాడు, భయాలు చెప్పాడు, పెళ్లి గురించి చెప్పాడు. అన్నీ నేను తెలుగులో చెప్పుకొచ్చాను. విషయం సిగ్గుతో కూడినది కాబట్టి ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని ఉంది. ఆఖర్న ఆయన అన్న మాటలివి: నా భార్యని ప్రేమిస్తున్నాను. కానీ మీకు అబద్ధం చెప్పను. నాలో ఆ ఆకర్షణ పోలేదు. పోతుందని ఇప్పుడు నేనెవరికీ మాట ఇవ్వను. ఇలా చెప్పి ఆయన ఆగి నా వైపు చూశాడు.

హాలంతా నా మొహంలోకి చూస్తోంది. సాక్ష్యం ఆఖరికి వచ్చిందని అందరికీ తెలుసు. నా నోటి నుంచి వచ్చింది ఇది: "ప్రభువు నన్ను పూర్తిగా మార్చేశాడు. ఆ పాత మనిషి చచ్చిపోయాడు."

స్తోత్రం, స్తోత్రం అని హాలు మోగిపోయింది. కొందరు చేతులెత్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి తేడా తెలిసినా, నేను తగిలించే ఉప్పూ కారం వాళ్లకి అలవాటే. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున అమెరికన్లు కిక్కురుమనకుండా విన్న మాటకి ఇక్కడ ఇంత ఆదరణ దొరికిందని పొంగిపోయి ఉంటాడు పాపం. నేను కావాలని చేశానా అంటే, ఆలోచించుకుని చేయలేదు. అలాగని తెలియక చేశాననీ అనలేను. ఆయన చెప్పింది నాకు స్పష్టంగా అర్థమైంది. ఆ మాట చెప్పి ఆ హాలు ముందు నిలబడటం నా వల్ల కాలేదు, అంతే.

పార్కింగ్ లాట్‌లో అక్క నా దగ్గరికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది. మూణ్నెల్ల క్రితం కూతురు తనకి ఒక అమ్మాయి అంటే ఇష్టమని చెప్పిందట. ఎప్పటికీ అంతేనని కూడా చెప్పిందట. ఆ రోజు నుంచి తనకి తిండి సహించడం లేదని, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదని, ఈ రోజు దేవుడే ఆ మనిషిని పంపాడని చెప్పింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నిజంగా పూర్తిగా మారిపోయాడా అని అడిగింది.

హాల్లో చేసింది పొరపాటు అనుకున్నా, ఇక్కడ దిద్దుకునే వీలు దొరికింది. అక్కడ మేమిద్దరమే. మైకు లేదు, జనం లేరు. అయినా నేను అవునక్కా అన్నాను. ఈ రెండో మాటకి నా దగ్గర ఏ సాకూ లేదు.

ఆ అమ్మాయి తల్లి మాట కాదనలేక ఆ పరిచర్య వాళ్ల గుంపులో చేరింది. ప్రతి గురువారం సాయంత్రం, గంట దూరంలో వేరే చర్చిలో ఒక గదిలో కూర్చునేవారట. ఒక గురువారం ఆమె కారు సర్వీసుకి వెళ్లింది. అక్క ఊళ్లో రోడ్ల మీద డ్రైవ్ చేస్తుంది గానీ ఫ్రీవే ఎక్కదు. నాకు ఫోన్ చేసింది. ఎలాగూ నువ్వు వెళ్లేది ఆ దారే కదా, దింపుతావా తమ్ముడూ అంది. దింపుతానన్నాను.

అప్పటికి నాలుగు నెలలై ఉంటుంది. కారెక్కిన పిల్లని ఒకటికి రెండుసార్లు చూశాను. సండే స్కూల్లో ఈ పిల్లకి నేను కంఠత వాక్యాలు నేర్పాను. అప్పట్లో వాక్యం అప్పజెప్పి, చాక్లెట్ తీసుకుని, ఇంకోటి కావాలంటే ఇంకో వాక్యం చెప్తానని బేరం పెట్టేది. ఇప్పుడు చెంపలు పీక్కుపోయి, సీటు బెల్టు పట్టుకుని కూర్చుంది. ఆరు ఎనభై ఫ్రీవే మీద కార్లు కదలడం లేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, గుంపులో ఎలా ఉందమ్మా అన్నాను. బానే ఉందంది. కాసేపటికి తనే, ఎదర ఉన్న ట్రక్కుని చూస్తూ, నెమ్మదిగా అంది.

"అంకుల్, ఆ రోజు ఆయన అలా చెప్పలేదు కదా."

ఈ పిల్లకి రెండు భాషలూ వచ్చనీ, ఆ రోజు వెనక నిలబడి రెండూ విన్నదనీ నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మా పిల్లల యాసని వెక్కిరించడం, ఇంగ్లీషు ముక్కలు లేకుండా ఒక వాక్యం చెప్పమని ఆటపట్టించడం మాకు అలవాటు. వాళ్లకి తెలుగు రాదనే నమ్మకంలో మేం బతికేస్తుంటాం. ఆమెకి రావలసినంత వచ్చు.

మరి అమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను, సిగ్గు లేకుండా.

"మమ్మీ ఆ రోజు నవ్వింది అంకుల్. త్రీ మంత్స్ తర్వాత. నేను చెప్తే మళ్లీ ఏడుస్తది అని."

తర్వాత మిగతాది చెప్పింది. అది నేను అడగలేదు. గుంపులో అందరూ గుండ్రంగా కూర్చుని ఆ వారం ఎలా గడిచిందో ఒప్పుకోవాలట. పిల్లలు ఇలా అవడానికి పెంపకంలో లోటే కారణమని అక్కడ నేర్పుతారట. తండ్రి లేకపోవడం, తల్లి మరీ అంటిపెట్టుకుని ఉండటం. తను ఇలా అవడానికి తల్లే కారణమని ఒక కాగితం మీద రాయమన్నారట. రాయలేదు. ఆ సంగతి తల్లికి చెప్పనూ లేదు. గురువారం ఇంటికి రాగానే మమ్మీ తలుపు తీసి నా మొహంలో ఏదో వెతుకుతుంది, అది కనపడకపోతే వెళ్లి పప్పు వేడి చేస్తుంది అని చెప్పింది.

నేను మీ అమ్మతో మాట్లాడతానమ్మా అన్నాను. మీ ఇష్టం అంకుల్ అంది. నమ్మినట్టు లేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆరు నెలలపాటు నేను మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో ఇప్పటికీ తిరగేసి చూసుకుంటూ ఉంటాను. పరువు పోతుందని భయం ఒకటి, అది నిజం. ఇంకెప్పుడూ నన్ను ఆ మైకు దగ్గరికి పిలవరని బెంగ కూడా ఉంది, ఇంకా సిగ్గుచేటైన నిజం అది. ప్రతి ఆదివారం అక్క డబ్బాలో ఏదో ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టేది, ఒకసారి గోంగూర పచ్చడి, ఒకసారి సున్నుండలు. నీ నోటితో దేవుడు నాకు ధైర్యం చెప్పాడు తమ్ముడూ అనేది. నేను నీళ్లు నములుతూ డబ్బా తీసుకునేవాణ్ని. ఆ సున్నుండలు నా పిల్లలే తిన్నారు. నాకు మింగుడుపడలేదు.

విడిపోవాలా వద్దా అనే ఓటింగు కోసం సంఘం మొత్తాన్ని ఒక శనివారం పొద్దున పిలిచారు. తర్వాత ఆ సంఘం విడిపోయింది, మా తెలుగువాళ్లం ఇంకో హాలు వెతుక్కున్నాం. ఆ రోజు మాత్రం ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. రెండు మైకులు పెట్టారు. విడిపోవాలనేవాళ్లకి ఎడమవైపు, వద్దనేవాళ్లకి కుడివైపు. అటొకరు ఇటొకరు చొప్పున మాట్లాడాలి, మనిషికి రెండు నిమిషాలు. ముందు వరసలో ఒకావిడ టైము చూస్తూ, నిమిషం మిగిలిందనగా పసుపు కార్డు, అయిపోగానే ఎర్ర కార్డు ఎత్తేది.

ఒక ముసలావిడ, ఒకప్పుడు స్కూలు టీచరు, వాకర్ పట్టుకుని ఎడమ మైకు దగ్గరికి వచ్చింది. బైబిలు వాక్యం ఏం చెబుతోందో దానికే నిలబడాలి, కాబట్టి విడిపోవాలి అంది. ఆవిడకి క్యాన్సర్ వచ్చినప్పుడు ఏడాదిపాటు ఆస్పత్రికి తీసుకెళ్లింది క్వయర్‌లో పాడే ఒకాయన. ఆయన ఇంకో మగాయనతో కలిసి ఉంటాడని అందరికీ తెలుసు. ఆవిడ మాట్లాడటం అయ్యాక ఆయనే లేచి వచ్చి, మోచెయ్యి పట్టుకుని, మెట్టు దింపి, కూర్చోబెట్టి, తన చోటికి వెళ్లాడు. తర్వాత కుడి మైకు దగ్గర తన రెండు నిమిషాలు తను మాట్లాడాడు. ఆవిడకి కోపం లేదు, ఆయనకీ ఉన్నట్టు లేదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఓట్లు మాత్రం అవును అనో కాదు అనో ఉంటాయి.

సభ మొదలవక ముందే అక్క నా దగ్గరికి వచ్చి, తనూ మాట్లాడతానని, ఇంగ్లీషులో నన్ను చెప్పమని అడిగింది. మాట్లాడనా అని ముందే అమ్మాయిని అడిగిందట, సరేనందట. ఏదో రెండు ముక్కలు ప్రార్థనలాగా చెప్తుందనుకున్నాను. ఆమె వంతు వచ్చింది. ఎడమ మైకు దగ్గర ఆమె పక్కన నిలబడ్డాను. అమ్మాయి రెండో వరసలో, తల్లి లేచిన కుర్చీ పక్కనే కూర్చుంది.

మా అమ్మాయికి కూడా ఇదే కష్టం, పది నెలల నుంచి గుంపుకి వెళ్తోంది అంది అక్క. నేను ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడు ఆమె హాలంతటినీ ఒకసారి చూసి, గొంతు పెంచి అంది.

"పోయినేడు వచ్చిన ఆ అన్న తన నోటితోనే చెప్పాడు, దేవుడు తనని పూర్తిగా మార్చేశాడని. ఆయన మారినప్పుడు నా బిడ్డ ఎందుకు మారదు? మారుద్ది."

ఆగి నా వైపు చూసింది. నా వంతు.

ఎదురుగా ఉన్న అమెరికన్లు ఆ మనిషి ప్రసంగాన్ని ఇంగ్లీషులో విన్నవాళ్లు. ఉన్నదున్నట్టు చెబితే, ఆయన అలా అనలేదే అని అక్కడే ఎవరో ఒకరు అంటారు. ఆయన మాకు ఆశ కలిగించాడు అని చెప్పి దాటేయొచ్చు. చాలా తేలిక. వాక్యం నాలుక చివరే ఉంది. రెండు భాషలూ తెలిసినవాళ్లకి అనుమానం రావచ్చు, అయినా నా మొహం చూసి ఊరుకుంటారు. అమ్మాయి వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. నేను ఏం చేస్తానో ముందే తెలిసినట్టు తల దించుకుని చేతులు చూసుకుంటోంది. నేను దాటేస్తానని ఆమె అనుకుంటోంది. నాకు అప్పుడు కలిగినంత అవమానం జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

"అక్కా, ఆయన అలా చెప్పలేదు. నేను చెప్పాను."

మైకు పనిచేస్తూనే ఉంది. మా తెలుగు వరసల్లో గుసగుసలు ఆగిపోయాయి. అమెరికన్లు ఇంగ్లీషు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. పసుపు కార్డు లేచింది.

అక్క నా మొహంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నానేమో అన్నట్టు పెదవుల మీద నవ్వు ఒకటి వచ్చి పోయింది. మరి ఆయనేం చెప్పాడు అని అడిగింది. చెప్పాను. నాలో ఆ ఆకర్షణ పోలేదన్నాడు. పోతుందని ఎవరికీ మాట ఇవ్వనన్నాడు. ఏడాదిగా నాలో దాచుకున్న ఆ రెండు వాక్యాలు ఎంత చిన్నవో అప్పుడు తెలిసింది.

ఆమె మైకు స్టాండు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు," అంది. "నా బిడ్డ నాకు నిజమే చెప్పింది. నేను దాన్ని నమ్మలేదు. ఈయన్ని నమ్మాను."

ఒక్కో వాక్యం చెప్పాను. ఉప్పు లేదు, కారం లేదు. ఆఖరి వాక్యం దగ్గర ఈయన్ని అన్నప్పుడు నా గుండె మీద నేనే చెయ్యి పెట్టుకుని చూపించాను, లేకపోతే ఆ మనిషి ఎవరో వాళ్లకి తెలిసేది కాదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎర్ర కార్డు ఎత్తాల్సిన ఆవిడ కార్డుని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

అక్క వెనక్కి నడిచి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో ఆమె అడిగింది నాకు మైకు దగ్గరికి వినబడింది.

"సరిగ్గా చెప్పాడా?"

అమ్మాయి తల్లి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"ఈసారి చెప్పారు మమ్మీ."